జిల్లా గ్రంథాలయంలో మోటార్ల పుస్తకం ఎందుకు దొరకదు, దొరకాలంటే ఏం చేయాలి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను తమ్ముడూ. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి రైస్ మిల్లులో పనిచేస్తున్నారు. ఓనరు పాత స్టార్-డెల్టా స్టార్టర్లు తీయించి ఒక్కో మోటారుకీ వీఎఫ్‌డీ, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్, పెట్టిస్తున్నారు. డ్రైవ్ ఊరికే ట్రిప్ అయి ఆగిపోతోంది, అందులోనూ బ్లోయర్ ఆపేటప్పుడు, డ్రైవ్ పెట్టిన మోటార్లకి బేరింగులు ముందుకన్నా త్వరగా పోతున్నాయి. ఎందుకో చదివి తెలుసుకుందామని జిల్లా గ్రంథాలయానికి వెళ్తే "టెక్నికల్ బుక్స్ లేవు, కాంపిటీటివ్ బుక్స్ ఉన్నాయి" అన్నారు. మళ్లీ వెళ్లినా అదే మాట. "మాలాంటి పనివాళ్లకి పబ్లిక్ లైబ్రరీ పనికొస్తుందా, ఆశ వదిలేసుకోవాలా" అని అడిగారు.

వదిలేసుకోవద్దు. నేను గ్రంథాలయాల్లోనే, అందులోనూ ఎక్కువకాలం రిఫరెన్స్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మీలాగే చేతిపని తెలిసి, దాని వెనకున్న లెక్క తెలుసుకోవాలని వచ్చి, ఒక్క మాటతో వెనక్కి వెళ్లిపోయినవాళ్లని చాలామందిని చూశాను. అది నాకు ఎప్పటికీ బాధే. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపికగా చదవండి.

ముందు ఒక విషయం. కౌంటర్లో "లేవు" అన్నంత మాత్రాన ఆ బిల్డింగులో పుస్తకం లేదని కాదు. కౌంటర్లో కూర్చున్న మనిషి చాలాసార్లు లైబ్రేరియన్ కూడా కాదు, ఖాళీలు భర్తీ కాక ఒకే మనిషి పత్రికలు వేయడం దగ్గర్నుంచి సభ్యత్వాలు రాయడం దాకా అన్నీ చూసుకుంటుంటారు. రోజూ జనం అడిగే బీరువాలు వాళ్లకి కంఠతా వచ్చు, మిగతావి రావు. మీరు వెళ్లి "వీఎఫ్‌డీ బుక్ ఉందా" అంటే వాళ్లు పుస్తకాల పేర్లలో ఆ మాట కోసం చూస్తారు, కనపడదు, లేదంటారు. కనపడకపోవడం సహజమే, ఎందుకంటే వీఎఫ్‌డీ అనేది మిల్లులో, షాపులో మనం వాడే మాట. పుస్తకాల అట్టల మీద ఉండేది "ఎలక్ట్రికల్ డ్రైవ్స్", "పవర్ ఎలక్ట్రానిక్స్", "ఇండస్ట్రియల్ ఎలక్ట్రానిక్స్". ఇంకా పాతవైతే "సాలిడ్ స్టేట్ కంట్రోల్", "థైరిస్టర్" అని ఉంటుంది. బేరింగుల సంగతి "ఎలక్ట్రికల్ మెషీన్స్" మెయింటెనెన్స్ పుస్తకాల్లో ఓ అధ్యాయంగా ఉంటుంది తప్ప విడి పుస్తకం ఉండదు. అందుకే వెళ్లేముందు మీ సమస్యని ఇంజనీరింగ్ కాలేజీ సిలబస్‌లో ఏ సబ్జెక్టు పేరుతో చెబుతారో చూసుకోండి. డిప్లొమా ఈఈఈ (ఎలక్ట్రికల్ బ్రాంచి) సిలబస్ నెట్‌లో దొరుకుతుంది, దాంట్లో సబ్జెక్టు పేర్లు రాసుకుని వెళ్తే సగం పని అయినట్టే.

మిగతా సగం నంబర్లు. దీని గురించి ఎవరూ పాఠకులకి చెప్పరు, బడిలో నేర్పరు, అసలు ఇబ్బందంతా ఇక్కడే ఉంది. మన జిల్లా గ్రంథాలయాల్లో ఎక్కువగా వాడేది డ్యూయీ దశాంశ వర్గీకరణ, అంటే ప్రతి విషయానికీ ఒక నంబరు, పుస్తకం వీపు మీద అంటించిన చీటీలో ఉండేది అదే. 600లు సాంకేతికం, 620లు ఇంజనీరింగ్, 621.3 ఎలక్ట్రికల్. ఇంతవరకు బాగానే ఉంటుంది. కానీ మీకు కావలసిన సంగతి ఒక్క నంబరు కింద ఉండదు. మోటార్లు, డ్రైవ్‌లు 621.46 దగ్గర ఉంటాయి. పవర్ ఎలక్ట్రానిక్స్ కొన్ని 621.317 దగ్గర, కొన్ని 621.381 దగ్గర, అంటే ఎలక్ట్రానిక్స్‌లో కలిసిపోయి ఉంటాయి. పీఎల్‌సీ (యంత్రాలని వరసగా నడిపించే చిన్న కంప్యూటర్), ఆటోమేటిక్ కంట్రోల్ అంతా 629.8. ఈ 621కీ 629కీ మధ్యలో సివిల్, నీటి సరఫరా, మోటారు వాహనాలు అన్నీ వస్తాయి కాబట్టి అది వేరే బీరువాలో ఉంటుంది, ఒక్కోసారి వేరే గదిలో. మీ మిల్లులో ఒకే ప్యానెల్ బోర్డులో పక్కపక్కన ఉండే మోటారు, డ్రైవ్, పీఎల్‌సీ గ్రంథాలయంలో మూడు చోట్ల ఉంటాయన్నమాట. ఈ పద్ధతి 1876లో మొదలైంది. తర్వాత ఎన్నిసార్లు సవరించినా, పనిచేసే చోట కలిసి ఉండే విషయాలు ఇందులో విడిపోవడం తప్పలేదు.

మీ పనికి సంబంధం లేకపోయినా చదివే మిగతావాళ్ల కోసం ఇంకొన్ని చెబుతాను. ఫ్రిజ్ పనివాళ్లు 621.56, ఏసీ అయితే 697 కూడా చూడాలి. వెల్డింగ్ 671.52. బండ్ల రిపేరు 629.28. కాంక్రీటు 624.18 దగ్గర కొంత, 693 దగ్గర కొంత. భీమవరం వైపు చెరువులు చేసేవాళ్లు చేపల పెంపకానికి 639 చూడాలి. కంప్యూటర్ల సంగతి మరీ గజిబిజి. 1985లో వాటికి 004, 005, 006 నంబర్లు ఇచ్చారు, అంతకుముందు కొన్నవి 001.64లో ఉండేవి, హార్డ్‌వేర్ పుస్తకాలు 621.39లో ఉంటాయి, పాత నంబర్లు మార్చే తీరిక ఎవరికీ లేక మూడు చోట్లా అలాగే ఉండిపోయిన గ్రంథాలయాలు ఉన్నాయి.

దీనికి తోడు నంబరు వేసేది మనిషే. వందల పుస్తకాలు ఒకేసారి కట్టలుగా వస్తాయి, లోపల చదివే టైం ఉండదు, పేరు చూసి నంబరు వేసేస్తారు. ఎలక్ట్రికల్ డ్రైవ్స్ పుస్తకాన్ని "డ్రైవ్" అనే మాట చూసి మోటారు వాహనాల వరసలో పెట్టిన చోటు నాకు తెలుసు. కాబట్టి 620 నుంచి 629 దాకా ఉన్న బీరువా మొత్తం ఒకసారి మీరే నిలబడి చూడండి. మన గ్రంథాలయాల్లో ఆ వరస ఎలాగూ పెద్దది కాదు, అరగంటలో అయిపోతుంది. కేటలాగులో వెతకడం కన్నా ఇదే నయం. చాలాచోట్ల పాత కార్డు కేటలాగు ఆపేశారు, కంప్యూటర్లో ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట కూడా పాత పుస్తకాలన్నీ ఎక్కి ఉండవు, ఎక్కినవాటికి పేరు, రచయిత తప్ప విషయం ఎక్కించి ఉండదు.

ఇంకో సంగతి, పుస్తకాలు ముందు భాషని బట్టి విడదీస్తారు. తెలుగు 621 వేరు, ఇంగ్లీషు 621 వేరు. మీరు ఇంగ్లీషు వైపు మాత్రమే చూసి వచ్చేసి ఉంటే తెలుగు వైపు కూడా చూడండి. అక్కడ ఇంటర్ వొకేషనల్ ఎలక్ట్రికల్ పుస్తకాలు, 1968లో పెట్టిన తెలుగు అకాడమీ వేసిన పాత సాంకేతిక పుస్తకాలు, మోటారు వైండింగ్ మీద విడిగా వచ్చిన చిన్న పుస్తకాలు ఉండే అవకాశం ఉంది. చాలాసార్లు వీటికి దశాంశాల దాకా వెళ్లకుండా శాస్త్ర సాంకేతికం అని ఒకే అరలో పడేసి ఉంటారు.

అరల్లో ఏమీ దొరక్కపోతే లైబ్రేరియన్ గారినే కలవండి, కౌంటర్లో కాదు. "సార్, దానంగా వచ్చిన పుస్తకాలు ఏమన్నా ఉన్నాయా, రిజిస్టర్లో ఎక్కించనివి" అని అడగండి. ఇది చాలామందికి తోచదు. విద్యుత్ శాఖలో, ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైన ఇంజనీర్లు ఇల్లు మారేటప్పుడు వాళ్ల పుస్తకాలన్నీ గ్రంథాలయానికి ఇచ్చేస్తుంటారు. అవి నంబరు వేసే మనిషి లేక కట్టలు కట్టలుగానే స్టోరు గదిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటిలో హ్యాండ్‌బుక్కులు, కంపెనీ శిక్షణ పుస్తకాలు, వైండింగ్ టేబుళ్లు ఉంటాయి, కొనాలన్నా ఇప్పుడు దొరకనివి. అలాగే అక్సెషన్ రిజిస్టర్ చూపించమని అడగొచ్చు. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకమూ వచ్చిన వరసలో, పేరు, రచయిత, ధర, ఎక్కడ్నుంచి వచ్చిందీ సహా అందులో ఉంటుంది. పెద్ద పని, కానీ ఓపికున్న లైబ్రేరియన్ పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తారు.

ఇక తాళం వేసిన బీరువా. ఖరీదైన ఇంజనీరింగ్ పుస్తకాలు చాలాచోట్ల అందులోనే ఉంటాయి. దీని వెనక కారణం తెలిస్తే మీకు కోపం తగ్గుతుంది, మాట్లాడే పద్ధతీ మారుతుంది. పుస్తకం పోతే స్టాక్ చూసేటప్పుడు ఆ లైబ్రేరియన్ జవాబు చెప్పుకోవాలి, డబ్బు కట్టాల్సి వచ్చే పరిస్థితీ ఉంది. నూట యాభై రూపాయల నవల పోయినా ఎలాగో సర్దుకుంటారు, వెయ్యి రూపాయల పుస్తకం పోతే అని భయం. ఆ భయంతోనే తాళం వేస్తారు, తాళం వేశాక అది ఉందన్న సంగతే మెల్లగా అందరూ మరిచిపోతారు. పుస్తకాన్ని కాపాడాల్సిన మనిషికి దాన్ని చదివించడం ప్రమాదంగా మారేలా మన నియమాలు ఉన్నాయి, ఇది మారాలని ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. మీరు చేయగలిగింది ఏంటంటే ఇంటికి ఇమ్మని అడక్కండి. "ఇక్కడే టేబుల్ మీద చదువుకుంటానండి, ఆధార్ మీ దగ్గర పెట్టుకోండి, కావలసిన రెండు మూడు పేజీలు ఫోన్లో ఫోటో తీసుకుంటాను" అనండి. సొంతంగా చదువుకోవడానికి కొంత భాగం నకలు తీసుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది, మొత్తం పుస్తకం తీయకూడదు గానీ. ఇలా అడిగితే తాళం తీసేవాళ్లే ఎక్కువ.

అసలు కొత్త పుస్తకాలు ఎందుకు రావు అన్నారు కదా. డబ్బు ఎక్కడ్నుంచి వస్తుందో చూడండి. 1960 పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అంటే మీ ఇంటి పన్ను రసీదులో కూడా అది ఉంటుంది, మీరు కట్టిన డబ్బే. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి, కానీ ఈ జమ బకాయిలు పడుతూనే ఉంటాయి. వచ్చినదాంట్లోంచి కరెంటు బిల్లు, పత్రికల బిల్లు, భవనం మరమ్మతులు పోగా మిగిలింది పుస్తకాలకి. దీనికి తోడు కోల్‌కతాలో 1972లో పెట్టిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ నుంచి సాయంగా పుస్తకాలు వస్తాయి. ఎంపిక చాలావరకు ప్రచురణకర్తలు ఇచ్చే జాబితాల్లోంచి జరుగుతుంది. నవలలు, పిల్లల పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు వేసేవాళ్లు ఆ జాబితాల కోసం తిరుగుతారు. మోటార్ల మెయింటెనెన్స్ మీద మంచి హ్యాండ్‌బుక్కు వేసే కంపెనీ మన జిల్లా కేంద్రం దాకా రాదు. దాని ఒక్కదాని ధరకి నాలుగైదు గైడ్లు వస్తాయి, ఆ గైడ్లు అడిగేవాళ్లు రోజూ గుమ్మం దగ్గర ఉంటారు.

ఆ గుమ్మం దగ్గరున్న పిల్లల మీద కోపం పెట్టుకోకండి. హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒకసారి వెళ్లి చూడండి, గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, ఎస్ఐ పరీక్షకీ చదివే పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా మెట్ల మీద కూడా కూర్చుని చదువుకుంటారు. వాళ్లకి అద్దె గదిలో చదువుకునే చోటు లేదు, ఫ్యాన్ లేదు. గ్రంథాలయం వాళ్లకి అవసరమే. నేను అనేది వాళ్లకి తగ్గించమని కాదు, మీకు కూడా ఉండాలని. మీకు లేకపోవడానికి పెద్ద కారణం ఒకటే, మీరు అడిగారన్న గుర్తు ఎక్కడా లేదు. కౌంటర్ దగ్గర నోటితో అడిగింది ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. "మా దగ్గర టెక్నికల్ పాఠకులు లేరు" అని మీటింగుల్లో చెప్పడం నేను విన్నాను, నిజంగా ఆ కాగితాల ప్రకారం లేరు. వచ్చినవాళ్లు ఒకసారి అడిగి వెళ్లిపోయారు కదా.

అందుకని రాసి ఇవ్వండి. కౌంటర్లో ఉండే సూచనల పుస్తకంలో ఒక లైను రాస్తే సరిపోదు. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారి పేరుతో లెటర్ రాసి, ఒక కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అందులో "టెక్నికల్ పుస్తకాలు తెప్పించగలరు" అని రాస్తే ఎవరికీ ఏం చేయాలో తెలియదు, ఫైల్లో పెట్టేస్తారు. పుస్తకం పేరు, రచయిత, ఎన్నో ఎడిషన్, ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్ నంబరు, ధర, ఇవన్నీ రాయండి, నాలుగైదు పుస్తకాలకి మించి వద్దు. కొనే కమిటీకి ఆ కాగితం అలాగే పెట్టేలా ఉండాలి. మీ ఒక్కరి సంతకం కాకుండా పక్క మిల్లుల ఎలక్ట్రీషియన్లు, వైండింగ్ షాపులవాళ్లు, ఏసీ మెకానిక్కులు పదిమందితో పెట్టించండి. మీ ఊళ్లో ఎన్ని మిల్లులున్నాయో, ఎంతమంది ఈ పనిమీద బతుకుతున్నారో రెండు వాక్యాల్లో రాయండి. వీలైతే అందరూ సభ్యత్వం తీసుకోండి, డిపాజిట్ చిన్నదే, తిరిగి ఇస్తారు కూడా. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అప్పుడు సంస్థ అధ్యక్షులు, అధికారులు అందరూ సభకి వస్తారు. అదే లెటర్ కాపీ ఆ సభలో చేతికి ఇవ్వండి. పదిమంది పనిబట్టల్లో వచ్చి పుస్తకం అడిగితే ఆ సభలో దానికి ఉండే బలం వేరు.

ఏ పుస్తకం అడగాలో కూడా చూసుకోండి. ఇంజనీరింగ్ కాలేజీ పరీక్షల కోసం వేసే ఆల్-ఇన్-వన్‌లు అడగొద్దు, వాటిలో మీకు పనికొచ్చేది ఉండదు, లెక్కలు, రెండు మార్కుల ప్రశ్నలు ఉంటాయి. మెయింటెనెన్స్, ట్రబుల్ షూటింగ్, ఇన్‌స్టలేషన్ అని పేరులో ఉన్నవి చూడండి. కొనమని అడిగేముందు కోఠీలో పాత పుస్తకాల షాపుల్లోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో అదే పుస్తకం చేతిలోకి తీసుకుని విషయసూచిక చూస్తే నిర్ణయం తేలిక.

బీరువాలో దొరికే పాతవాటి గురించి ఒక హెచ్చరిక. పాతది కాబట్టి పనికిరాదు అనుకోకండి, పాతది కూడా బాగుంది అని గుడ్డిగా నమ్మకండి. ఇండక్షన్ మోటారు పనిచేసే సూత్రం, స్లిప్, స్టార్-డెల్టా, వైండింగ్ రకాలు, ఎస్‌డబ్ల్యూజీ (తీగ మందం కొలిచే గేజి) టేబుళ్లు, ఇవి యాభై ఏళ్ల కిందటి పుస్తకంలో ఉన్నా ఈరోజుకీ సరిగ్గానే ఉంటాయి. నిజం చెప్పాలంటే రీవైండింగ్ సంగతి పాత పుస్తకాల్లోనే బాగుంటుంది, అప్పట్లో చేతిపని చేసేవాళ్ల కోసం రాసేవారు. కానీ రూల్స్ చెప్పే భాగం వచ్చేసరికి ఆగండి. పాత వైరింగ్ పుస్తకాలన్నీ 1910 విద్యుత్ చట్టం, 1956 ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ ప్రకారం రాసినవి. ఆ చట్టం స్థానంలో 2003 విద్యుత్ చట్టం వచ్చింది, ఆ రూల్స్ స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, వాటినీ 2023లో మళ్లీ కొత్తగా ఇచ్చింది. ఎర్తింగ్ కోడ్ ఐఎస్ 3043 కూడా 1987 నాటిది 2018లో మారింది. పుస్తకం చూసి ఎర్తింగ్ చేశాననుకుని పాత లెక్కతో చేస్తే ప్రాణం మీదకొస్తుంది. చెప్పాలంటే ఇలాంటి పుస్తకాల మీద "నిబంధనలు మారాయి" అని ఒక చీటీ అయినా అంటించాలి గ్రంథాలయాలవాళ్లు. మా దగ్గర అంటించేవాళ్లం, పెద్ద ఖర్చేం కాదు.

ఇప్పుడు గ్రంథాలయంలో ఎప్పటికీ దొరకనివి, మీ సమస్యకి నిజానికి ఎక్కువ అవసరమైనవి. మొదటిది భారతీయ ప్రమాణాలు, అంటే ఐఎస్ కోడ్లు. ఒకప్పుడు ఇవి డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది, గ్రంథాలయాలు కొనేవి కావు. ఇప్పుడు మన దేశంలోనే తయారు చేసుకున్న ప్రమాణాలని బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకుని ఉచితంగా దించుకోవచ్చు. ఐఎస్ 900 అని ఒకటుంది, ఇండక్షన్ మోటార్ల ఇన్‌స్టలేషన్, మెయింటెనెన్స్ మొత్తం అదే. 1992 నాటిది కాబట్టి డ్రైవ్‌ల సంగతి దాంట్లో వెతకొద్దు, కానీ బేరింగులు, అలైన్‌మెంట్, గ్రీజు, ఇన్సులేషన్ చూసే పద్ధతి దాని తర్వాతే ఏదైనా. ఐఎస్ 732 వైరింగ్ కోడ్, ఐఎస్ 3043 ఎర్తింగ్, ఈ మూడూ ప్రింటు తీయించి మిల్లులో పెట్టుకోండి.

రెండోది చెన్నైలోని నిమి సంస్థ వేసే ఐటీఐ పుస్తకాలు. మీరు చదివింది కూడా అదే ట్రేడ్ కాబట్టి తెలిసే ఉండాలి, కానీ మీరు చదివిన తర్వాత సిలబస్ మారి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ రెండో సంవత్సరం ట్రేడ్ థియరీ, ప్రాక్టికల్లో ఏసీ, డీసీ డ్రైవ్‌లు, వైండింగ్, కంట్రోల్ ప్యానెల్ ఉన్నాయి, భారత్ స్కిల్స్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో ఉచితం. ఎలక్ట్రీషియన్ లాంటి పెద్ద ట్రేడుల పుస్తకాలు తెలుగులోనూ వేశారు. బొమ్మలు బాగుంటాయి, రాతలో సాగదీత ఉండదు. నా అభిప్రాయంలో ప్రతి జిల్లా గ్రంథాలయం ఏ ఖర్చూ లేకుండా ఈ ఒక్క వరస ప్రింటు తీసి అరలో పెట్టినా మీలాంటివాళ్ల అవసరం చాలావరకు తీరుతుంది.

మూడోది డ్రైవ్ తయారు చేసిన కంపెనీ మాన్యువల్. బాక్సుతో వచ్చిన చిన్న పుస్తకం కాదు, పూర్తి యూజర్ మాన్యువల్, వెబ్‌సైట్లో మోడల్ నంబరు కొడితే వస్తుంది. ఏబీబీ కంపెనీ డ్రైవ్‌ల మీద టెక్నికల్ గైడ్లు వరసగా వేసింది, అవి ఏ కంపెనీ డ్రైవ్ వాడేవాళ్లకైనా పనికొస్తాయి. వాటిలో ఐదోది మొత్తం మీరు అడిగిన సంగతే, డ్రైవ్ పెట్టిన మోటార్లకి బేరింగుల గుండా కరెంటు ఎందుకు పారుతుంది, ఎలా ఆపాలి అని. ఇంగ్లీషులోనే ఉంది, కానీ బొమ్మలతో ఉంది, ఒక పేజీ అర్థం కాకపోతే ఇక్కడ అడగండి.

నెట్‌లో అన్నీ దొరుకుతుంటే గ్రంథాలయం ఎందుకు అని ఎవరైనా అంటారు, అందుకని దాని గురించీ చెబుతాను. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో వెతికితే మీ విషయం మీద బోలెడు ఫలితాలు వస్తాయి, నొక్కితే చాలావాటికి చందా ఉండాలంటుంది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని కేంద్రం మొదలుపెట్టింది, మూడేళ్లకి 6,000 కోట్లు, దాదాపు 13,000 జర్నళ్లు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకీ, పరిశోధన సంస్థలకీ అది అందుతోంది. చాలా మంచి పని. కానీ చదువు అయిపోయి పనిలో ఉన్న మీలాంటివాళ్లకి ఏ కాలేజీ ఐడీ లేదు. మీ జిల్లా గ్రంథాలయంలో ఒక కంప్యూటర్లో అది తెరుచుకునే రోజు రావాలి, రావాలని అడగాలి కూడా. మీ లెటర్లో ఆ లైను కూడా చేర్చండి. ఈలోపు ఐఐటీలవాళ్ల ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఉచితమే, కొన్ని కోర్సుల పాఠాలు తెలుగు అక్షరాల్లో కూడా ఇచ్చారు.

పుస్తకమే కావాలంటే ఇంకో దారి, మీ దగ్గర్లోని ప్రభుత్వ పాలిటెక్నిక్. మీ జిల్లా గ్రంథాలయంలో లేని పుస్తకాలు అక్కడ ఉంటాయి. బయటివాళ్లకి ఇంటికి ఇవ్వరు, కానీ ప్రిన్సిపాల్ గారికి మీ మిల్లు లెటర్‌హెడ్ మీద ఒక రిక్వెస్ట్ ఇస్తే కూర్చుని చదువుకోనిచ్చేవాళ్లు ఉన్నారు. ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ లెక్చరర్‌ని పట్టుకుంటే ఇంకా సులువు, పనిచేసే మనిషి ప్రశ్న తెస్తే వాళ్లకీ ఆసక్తే. హైదరాబాద్ వచ్చే పని ఉంటే అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1891లో అసఫియాగా మొదలైంది, పాత ఇంజనీరింగ్ పుస్తకాలకి మంచి చోటు, కొత్తవాటికి కాదు. నెల్లూరు, తిరుపతి వైపువాళ్లకి చెన్నైలో కన్నెమరా గ్రంథాలయం దగ్గర. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ పంపాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, కాబట్టి మన దేశంలో అచ్చయిన పుస్తకం ఎక్కడా దొరక్కపోతే అక్కడ ఉండే అవకాశం ఎక్కువ.

మాలాంటి పనివాళ్లకి పనికొస్తుందా అన్నారు చూడండి, ఆ మాట నన్ను ఇబ్బంది పెట్టింది. మన గ్రంథాలయాలు మొదలైందే పనివాళ్ల కోసం. 1906లో హైదరాబాద్‌లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిగతా పెద్దలు విజ్ఞాన చంద్రికా మండలి అనే పుస్తకాల ప్రచురణ సంస్థ పెట్టింది చరిత్రతో పాటు శాస్త్ర విజ్ఞానం తెలుగులో అందరికీ అందాలనే. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలవల మీద పల్లెలకి పంపారు, ఎవరికోసం, పొలం వదిలి పట్నం రాలేని రైతుల కోసం. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యులైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో ఒకటి ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం ఉండాలని, ఇంకొకటి పాఠకుడి సమయం వృథా చేయకూడదని. మిల్లు షిఫ్టు మానుకుని వచ్చినవాడిని ఒక్క మాటతో పంపేస్తే ఈ రెండూ తప్పినట్టే. మీరు పన్ను కడుతున్నారు, అడిగే హక్కు మీకుంది, మొహమాటపడొద్దు.

చదివే వరస చెప్పి ఆపుతాను. ముందు నిమి రెండో సంవత్సరం పుస్తకంలో డ్రైవ్‌ల పాఠం, తర్వాత మీ డ్రైవ్ మాన్యువల్లో ఫాల్ట్ కోడ్ల పట్టిక, తర్వాత ఆ ఏబీబీ ఐదో గైడ్. మీరు రాసినదాన్ని బట్టి బ్లోయర్ ఆపేటప్పుడే ట్రిప్ అవుతుంటే అది ఓవర్ వోల్టేజ్ అయి ఉండొచ్చు. బ్లోయర్ బరువుకి అది వెంటనే ఆగదు, ఆపే టైం తక్కువ పెడితే మోటారే జనరేటర్‌లా కరెంటు వెనక్కి తోస్తుంది, మాన్యువల్లో డిసిలరేషన్ టైం అన్న చోట చూడండి. డ్రైవ్ మోడల్, వచ్చిన ఫాల్ట్ కోడ్, మోటారు నేమ్‌ప్లేట్ ఫోటో, డ్రైవ్ నుంచి మోటారుకి కేబుల్ ఎన్ని మీటర్లో ఇక్కడ పెట్టండి, ఏ పేజీలు చదవాలో వెతికి చెబుతాను. కార్యదర్శి గారికి రాసే లెటర్ డ్రాఫ్ట్ కూడా పెడితే సరిచూసి ఇస్తాను.